దిగని ముద్ద

నిఖితకు అసహ్యం తొందరగా పుడుతుంది. అన్నంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూటకు కంచం పక్కకు జరిపేస్తుంది. బస్సులో పక్కసీటు మనిషి గుట్కా నమిలితే తనే లేచి నిలబడుతుంది. అలాంటి మనిషికి, తిన్న ముద్ద గొంతు దిగని మొగుడు దొరికాడు.

పవన్‌ది నకరికల్లు పక్క ఊరు. నరసరావుపేటలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. మనిషి నదురుగా ఉంటాడు, మాట మెత్తన. సంబంధం చూడటానికి పెదకూరపాడు నుంచి వెళ్లిన నిఖిత నాన్నకు ఆ మెత్తదనమే తెగ నచ్చేసింది. గట్టిగా మాట్లాడని మగవాణ్ణి చూస్తే చాలు, మంచివాడని తీర్మానించుకోవడం ఆడపిల్లల తండ్రులకున్న పెద్ద రోగం. అసలు నోరే తెరవని వాళ్ళు కూడా మెత్తగానే కనిపిస్తారని ఆయనకెవరు చెప్పాలి?

పదహారు రోజుల పండక్కి పెదకూరపాడులో వేటను కోశారు. కొత్త అల్లుడికి విస్తరి నిండా గారెలు, మాంసం. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో పవన్ ఆగిపోయాడు. నమలడు, మింగడు, మాట్లాడడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రొమ్ము మీద అరచెయ్యి ఆనించుకుని లేచి పెరట్లోకి పోయాడు. చెంబుతో వెనకాలే వెళ్లిన నిఖితకు కనబడిన దృశ్యం ఇది: మొగుడు గోడ పట్టుకుని వంగి ఉన్నాడు, నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా సాగి కొత్త చెప్పుల మీద పడుతోంది, గొంతులో వాంతి రాదు, ఆగదు. కాసేపటికి నమిలిన మాంసం ముక్క, తెల్లగా నానిపోయి, నేల మీద పడింది.

"పొలమారింది," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

నిఖిత అతని చేతుల మీద నీళ్ళు పోసి, ముక్క మీద కాలితో మట్టి కప్పింది. ఆ పూట తనేమీ తినలేదు.

నరసరావుపేటలో కాపురం పెట్టాక తెలిసింది, అది పొలమారడం కాదని. పవన్ అన్నం తినడమే ఒక తతంగం. ముద్దను నమిలీ నమిలీ గంజి చేస్తాడు. ప్రతి ముద్దకూ గ్లాసెత్తుతాడు. చపాతీ అయితే పప్పులో ముంచి నానబెట్టాలి. పెరుగన్నం జారుగా ఉంటే గాని ముట్టడు. మింగేటప్పుడు మెడ ముందుకు సాచి గుటుక్కుమని ఒక చప్పుడు చేస్తాడు. ఆ చప్పుడు వింటే నిఖితకు ఒళ్ళు జలదరించేది. తను తిని, గిన్నెలు తోమి, టీవీలో ఒక ప్రోగ్రాం చూసి వచ్చినా ఆయన ఇంకా కంచం ముందే ఉండేవాడు. రోజు విడిచి రోజు మధ్యలో లేచి సింకు దగ్గరికి పరుగు. సింకు కడిగేది నిఖిత.

"డాక్టరుకి చూపిచ్చుకోండి," అని ఎన్నిసార్లందో.

"గ్యాస్‌లే," అనేవాడు. మెడికల్ షాపువాడిచ్చిన బిళ్ళ వేసుకుని పడుకునేవాడు.

ఇదంతా ఇంట్లో గుట్టుగానే సాగేది. కానీ పవన్ సొంత ఊళ్ళో, అతని బాబాయి పెద్దకర్మ భోజనాల్లో, బంతి మధ్యలో, అందరి ఎదుటా కోడిముక్క పట్టేసింది. పక్క విస్తరిలో చొంగ పడింది. ఆ విస్తరి మనిషి చీదరించుకుంటూ లేచిపోయాడు. పవన్ తల్లి పిచ్చమ్మ పరుగున వచ్చి కొడుకు వీపు నిమిరింది. పొరుగింటి రాజమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించినట్టు తగ్గించి, బంతి మొత్తానికి వినబడేట్టు అంది:

"అక్కా, ఇది రోగం గాదు. పిల్లోడికి మందు పెట్టారు."

ఆ మాట అర్థం ఆ చుట్టుపక్కల ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మొగుణ్ణి కొంగుకు కట్టేసుకోవాలనుకున్న ఆడది అన్నంలో ఏదో కలిపి పెడుతుందని, అది గొంతులోనో కడుపులోనో అతుక్కుపోయి మనిషిని తినేస్తుందని జనం నమ్మకం. దాన్నే పెట్టుమందు అంటారు. రుజువులు కూడా సిద్ధంగా ఉన్నాయి. పిల్లోడికి మొదట పట్టేసింది ఎక్కడ? అత్తారింట్లో. పట్టేసిన ముక్క ఎవరు వడ్డించింది? పెళ్ళాం. పెళ్ళి కాగానే తల్లిని ఊళ్ళో వదిలేసి పేటలో కాపురం పెట్టింది ఎవరి మాట విని? పవన్ పెళ్ళికి ఐదారేళ్ళ ముందు నుంచే పేటలో గది తీసుకుని ఉంటున్నాడన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా పనికొచ్చే సంగతి కాదు కనుక పక్కన పెట్టారు.

ఆ రోజు నుంచి పిచ్చమ్మ కోడలితో ముఖం చూసి మాట్లాడలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు నిఖిత చేతి మంచినీళ్ళు తాగడం మానేశారు. పక్కింటి బాలింత, నిఖిత ఎత్తుకోబోతే పసిబిడ్డను వెనక్కి లాక్కుంది. నిఖిత చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. చొంగను చూసినప్పుడు కలిగిన అసహ్యం దీని ముందు ఏమీ కాదు. అది కడిగితే పోతుంది.

అప్పటి నుంచి ఆమెకు కావలసింది ఒక్కటే. పవన్ నలుగురి మధ్యా నోరు తెరిచి, "నా పెళ్ళాం నాకేం పెట్టలేదు," అనాలి. అంతే. ఆ మాట అనమని అడిగింది, బతిమాలింది.

"నేనంటే మాత్రం ఆళ్ళు నమ్ముతారా? ఊరుకో, నాలుగు రోజులు పోతే ఆళ్ళే మర్చిపోతారు," అన్నాడు పవన్.

మర్చిపోలేదు సరికదా, మందు తీయించడానికి ప్రయాణం కట్టారు.

గురజాల అవతల ఒక పల్లెలో అమరేశ్వరరావు అనే ఆయన పెట్టుమందు తీస్తాడు. ఇంటి ముందు రేకుల షెడ్డు, బల్లలు, వాటి నిండా జనం. పవన్ వంతు రాగానే ఆయన ఏదో ఆకు పసరు తెచ్చి పవన్ అరచేతిలో పోశాడు. కళ్ళు మూసుకుని ఏదో గొణిగాడు. చూస్తుండగానే పసరు చిక్కబడి, అరచేతిలో పచ్చగా గడ్డకట్టింది. ఆయన ఆ చేతిని జనానికి తిప్పి చూపించాడు.

"మందు ఉంది గనక గడ్డ గట్టింది. లేకపోతే నీళ్ళలాగా జారిపోవాల."

నిఖిత ఆ ఆకును చూడగానే గుర్తుపట్టింది. దూసర తీగ. చేల గట్ల మీద, కంచెల మీద అల్లుకుంటుంది. వేసవిలో వాళ్ళ అమ్మమ్మ ఆ ఆకును నీళ్ళలో పిసికి, వడకట్టి, పంచదార కలిపి పిల్లలకు పెట్టేది. కాసేపు కదపకుండా ఉంచితే గిన్నెలో కూడా గడ్డకడుతుంది. ఆగలేక ఆ మాట అనేసింది.

"అత్తయ్యా, అది ఎవురి చేతిలో పోసినా గట్టి పడుద్ది. మా అమ్మమ్మ చేసేది మాకు."

పిచ్చమ్మ చాలా రోజుల తర్వాత మొదటిసారి కోడలి ముఖంలోకి సూటిగా చూసింది.

"అయితే ఈ విద్య మీ ఇంట్లో మీ అమ్మమ్మ కాడ నించీ ఉందన్నమాట."

షెడ్డులో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నిఖిత పవన్ వైపు చూసింది. పవన్ తన అరచేతిలోని పచ్చటి గడ్డను చూసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత కక్కించారు. ఉప్పునీళ్ళలో ఏదో చేదు పసరు కలిపి చెంబుల కొద్దీ తాగించి, ఒకడు వెనక నుంచి పొట్ట నొక్కిపెడితే, అమరేశ్వరరావు గొంతులో వేళ్ళు పెట్టాడు. వేళ్ళకు గోళ్ళు పెరిగి ఉన్నాయి, గోళ్ళ కింద నల్లటి మట్టి. పవన్ మోకాళ్ళ మీద పడి, కళ్ళు ఎర్రబడి, పేగులు బయటికొచ్చేట్టు కక్కాడు. పొద్దున తాగిన పాలు విరిగి, తునకలు తునకలుగా, పచ్చటి పసరుతో కలిసి బేసిన్‌లో పడ్డాయి. పుల్లటి కంపు షెడ్డంతా కమ్మింది. ముక్కు మూసుకోవలసిన జనం ముందుకు వంగి మరీ చూశారు. అమరేశ్వరరావు పుల్లతో ఆ వాంతిని కెలికి, చేత్తో ఏదో పైకి తీశాడు. గోలీ అంత నల్లటి ముద్ద. వెంట్రుకలు, కాలిన గుడ్డపీలిక, ఇంకేదో పీచు.

"ఇదీ సంగతి," అన్నాడు.

పిచ్చమ్మ భోరుమంది. రాజమ్మ కూడా వచ్చింది, ఇలాంటి వాటికి రాకుండా ఉండదు కదా. ఆ ముద్దను నిఖిత ముఖం దగ్గరకు తెచ్చి, "చూడవే, చూడు," అంది. నిఖిత చూసింది. బేసిన్‌లో ప్రతిదీ తడిసి జిగట కారుతుంటే ఆ ముద్ద ఒక్కటే పొడిగా ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసింది. అమ్మమ్మ మాట అన్నందుకే వంశం మొత్తాన్ని మంత్రగత్తెల్ని చేశారు. బేసిన్ కడగమని ఆమెకే ఇచ్చారు, పెట్టింది ఆమే కనుక.

విరుగుడు కూడా చెప్పాడు అమరేశ్వరరావు. పేగుల్లో మిగిలిన మందు కడుక్కుపోవాలంటే మండలం పాటు గేదెపాలు, మూడు పూటలా, నెయ్యి వేసి. తల్లి చేత్తోనే పోయాలి. పెళ్ళాం చేతి మెతుకు ముట్టకూడదు.

పిచ్చమ్మ పేటకు మకాం మార్చింది. వంటిల్లు ఆమె స్వాధీనమయింది. ఊరి నుంచి తన గేదె పాలు రోజూ ఆటోలో తెప్పించుకునేది. కొడుకు ముందు కూర్చుని, గ్లాసు చివరి చుక్క వరకూ తాగించేది. ఆ తల్లి ప్రేమలో మాత్రం కల్తీ లేదు. చిన్నప్పుడు పవన్‌కు ఒంటి మీద దురద పొక్కులు, ఉబ్బసం, తుమ్ములు. ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని పెంచిందో చెబుతూ పోసేది. నిఖిత వరండాలో స్టవ్ పెట్టుకుని తన అన్నం తను వండుకునేది. పవన్ తాగిన గ్లాసు మీద తెల్లటి మీగడ గీత, దాని పక్కన అతని చొంగ. దాన్ని కూడా ముట్టనివ్వలేదు. ఆ ఒక్క విషయంలో నిఖిత అత్తగారికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

పాలు తాగేకొద్దీ పవన్ ఇంకా పాడయ్యాడు. ముందు ముక్కలు దిగేవి కాదు, ఇప్పుడు మెత్తటి అన్నం కూడా ఆగుతోంది. రొమ్ము మధ్యలో మంట. ఆఖరికి ఒక ఆదివారం మధ్యాహ్నం నాటుకోడి ముక్క పట్టేసింది. ఈసారి బయటికి రాలేదు, లోపలికి పోలేదు. సొంత ఉమ్మి కూడా మింగలేకపోయాడు. స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉమ్ముతూనే ఉన్నాడు. గిన్నె నిండింది. పిచ్చమ్మ అరటిపండు తెచ్చి, "ఇది మింగరా, దాన్ని నెట్టుకుపోద్ది," అని నోట్లో కుక్కింది. అదీ అడ్డం పడింది. ముక్కులోంచి నురగ వచ్చింది. పిచ్చమ్మ అమరేశ్వరరావుకు ఫోన్ కలపమంటుంటే, నిఖిత గిన్నెతో సహా మొగుణ్ణి ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో డాక్టర్ సుధీర్ బాబు నోట్లోంచి గొట్టం వేసి ముక్కను తీశాడు. తీశాక పిచ్చమ్మను బయట కూర్చోబెట్టి, పవన్‌నూ నిఖితనూ లోపలికి పిలిచాడు. తెరమీద అన్నవాహిక లోపలి ఫొటోలు చూపించాడు. ఎర్రగా వాచిన గొట్టం, దాని పొడుగునా కుక్కర్ గాస్కెట్లు పేర్చినట్టు చుట్లు చుట్లు, నిలువుగా గీతలు, అక్కడక్కడా తెల్లటి చుక్కలు. నిఖిత తల తిప్పుకోలేదు.

"ముద్ద తిన్నప్పుడల్లా నీళ్ళు తాగుతారా?" అడిగాడు డాక్టరు.

"తాగుతానండీ."

"మాంసం, చపాతీ దగ్గర ఆగుతుందా? అందరికన్నా ఆఖర్న లేస్తారా?"

"అవునండీ."

"ఎన్నాళ్ళుగా?"

పవన్ ఒకసారి తలుపు వైపు చూసుకున్నాడు. తల్లి బయటే ఉందని నిర్ధారించుకున్నాక చెప్పాడు.

"ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పటి నించీ అండీ. మెస్సులో ఎప్పుడూ నేనే లాస్టు."

ఎంత మామూలుగా చెప్పాడో. పేరు అడిగితే చెప్పినట్టు. నిఖిత పక్కనే కూర్చుని విన్నది. పెళ్ళికి పదేళ్ళ ముందు నుంచీ ఉందన్నమాట. బంతిలో రాజమ్మ ఆ మాట అన్నప్పుడూ, షెడ్డులో నల్లముద్దను తన ముఖం మీద ఆడించినప్పుడూ, తను వరండాలో వండుకుంటున్నప్పుడూ ఈ మనిషికి తెలుసు. తెలిసి, పాలు తాగుతూ కూర్చున్నాడు. ఆమెకు అతని పక్కన ఉన్న తన కుర్చీని కొంచెం అవతలికి జరుపుకోవాలనిపించింది. జరుపుకుంది కూడా.

లోపలి గోడ నుంచి గిల్లిన ముక్కల రిపోర్టు వచ్చాక డాక్టరు రోగం పేరు చెప్పాడు. ఈసినోఫిలిక్ ఈసోఫజైటిస్. ఈసినోఫిల్స్ అనేవి ఎలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో పోగయ్యే ఒక రకం తెల్లకణాలు. అన్నవాహిక గోడలో ఉండకూడని ఆ కణాలు ఇతనికి గుంపులు గుంపులుగా చేరి, గోడను వాపెక్కించి బిరుసు చేశాయి. ఉబ్బసం, చర్మం మీద దురదలు, తుమ్ములు ఉన్నవాళ్ళలో వచ్చే అవకాశం ఎక్కువ. అంటుకునేది కాదు, క్యాన్సరూ కాదు. వదిలేస్తే మాత్రం గొట్టం సన్నబడిపోయి, బెలూన్ వేసి వెడల్పు చేయాల్సి వస్తుంది.

"చాలామందికి ఏదో ఒక తిండి పడకపోవడం వల్ల వస్తుంది. ఎక్కువగా పాలు. తర్వాత గోధుమ, గుడ్డు, ఇంకా కొన్ని. మీరు పాలు ఎక్కువ తాగుతారా?"

నిఖితకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

మొదట ఎసిడిటీ బిళ్ళలు ఇచ్చి చూశారు. కొందరికి వాటితోనే తగ్గుతుందట, పవన్‌కు తగ్గలేదు. తర్వాత వేరే మందు. ఉబ్బసం వాళ్ళు ఆవిరిగా పీల్చే బుడెసొనైడ్ ద్రవాన్ని తేనెలో చిక్కగా కలిపి, రెండు పూటలా నెమ్మదిగా మింగాలి, గోడకు పట్టేట్టు. మింగాక అరగంట నీళ్ళు కూడా తాగకూడదు. పాలు, పెరుగు, నెయ్యి, మిఠాయిలు బంద్. నొప్పి తగ్గినంత మాత్రాన లోపల వాపు తగ్గినట్టు కాదు కనుక, మళ్ళీ గొట్టం వేసి చూడాల్సిందే అన్నాడు డాక్టరు. ఆ తేనె మందు కలిపి ఇచ్చింది నిఖితే. పెళ్ళాం చేతి మెతుకు ముట్టకూడదన్న నిషేధం మందుకు వర్తించలేదు.

నెలలు గడిచాయి. మండలం పూర్తయిందని పిచ్చమ్మ ఊరికి వెళ్లిపోయింది. పవన్ చపాతీ చుట్ట చుట్టుకుని తింటున్నాడు. రెండోసారి గొట్టం వేస్తే గోడ నున్నగా ఉంది, కణాలు లేవు. మందు తగ్గించుకుంటూ వచ్చి ఆపేశారు, పాలు మాత్రం ముట్టవద్దన్నారు. అంతలో ఊరికి వెళ్లి నెల రోజులు మసలిన పవన్, తల్లి పోస్తే కాదనలేక తాగాడు. మళ్ళీ ముద్ద ఆగింది, మళ్ళీ గొట్టం వేశారు, మళ్ళీ అవే చుట్లు. డాక్టరు విసుక్కున్నాడు. "మీరే పరీక్ష చేసి పెట్టారు. ఇక అనుమానం లేదు, మీకు పడనిది పాలే," అన్నాడు. మళ్ళీ మందు, మళ్ళీ పథ్యం, మళ్ళీ తగ్గుదల.

ఆసుపత్రి మెట్లు దిగుతూ నిఖిత అంది, "ఇప్పుడన్నా మీ అమ్మకి చెప్పండి. నేను పెట్టింది ఏం లేదని, మీకు పడంది పాలని."

"చెప్పానుగా, పాలు మానేస్తానని మొక్కుకున్నానని."

"మొక్కా?"

"ఆమె పోసిన పాల వల్లే అయ్యిందంటే అమ్మ తట్టుకోలేదు నిఖితా. పెద్దది. ఆ మందాయన వల్లే తగ్గిందనుకుంటంది, అనుకోనీ. నీకు పోయేదేముంది?"

నీకు పోయేదేముంది. నిఖిత ఆ మాటను ఇంటికి చేరేదాకా మనసులో తిప్పుకుంటూనే ఉంది, పురుగుపట్టిన వేరుశనగ గింజ నోట్లో పడ్డట్టు.

కొడుక్కి తగ్గినందుకు అమరేశ్వరరావుకు బట్టలు పెట్టి రావాలని పిచ్చమ్మ పట్టుబట్టింది. కోడలు కూడా వచ్చి ఆయన కాళ్ళకు దణ్ణం పెడితే దోషం పోతుందట. పవన్ కారు మాట్లాడాడు. "ఒక్క పూట, ఒక్క దణ్ణం. నాకోసం," అన్నాడు. నిఖిత వెళ్లింది. వెళ్లనంటే మందు పెట్టింది నిజమేనని ఒప్పుకున్నట్టవుతుందని వెళ్లింది.

షెడ్డులో అదే పుల్లటి కంపు. ముందు బల్ల మీద దాచేపల్లి నుంచి వచ్చిన కుటుంబం. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రవాడు తిండి సయించక పుల్లలా చిక్కిపోయాడు. తల్లి అతన్ని ఒడిసి పట్టుకుని కూర్చుంది. భార్య దూరంగా, రేకుల గుంజ దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆ పిల్ల వైపు ఎవరూ చూడటం లేదు, అందరూ ఆమె గురించే మాట్లాడుకుంటున్నారు.

పిచ్చమ్మ బట్టలు పెట్టింది. అమరేశ్వరరావు వాటిని పక్కన పెట్టుకుని, పవన్ భుజం మీద చెయ్యి వేసి జనం వైపు తిప్పాడు.

"ఈ అబ్బాయి ముద్ద మింగలేక నా కాడికొచ్చాడు. చెప్పు నాయనా, తగ్గిందా లేదా?"

పవన్ నిఖిత వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. తర్వాత తల ఊపాడు.

"తగ్గిందండీ."

దాచేపల్లి తల్లి వెంటనే తల తిప్పి గుంజ దగ్గరున్న కోడల్ని చూసింది. ఆ చూపు ఎలాంటిదో నిఖితకు తెలుసు. ఒక్క మాటతో పవన్ తన పెళ్ళాన్నీ దోషిని చేశాడు, ముక్కూ మొహం తెలియని ఇంకొకరి పెళ్ళాన్నీ చేశాడు. నిఖిత నేరుగా ఆ పిల్ల దగ్గరికి నడిచింది.

"తల్లీ, మీ ఆయన్ని ఏదన్నా పెద్దాసుపత్రికి తీసకపో. మా ఆయనకి ఇక్కడ తగ్గలా. నర్సరావుపేటలో గొట్టం ఏసి చూసి మందిస్తే తగ్గింది."

పిచ్చమ్మ గబగబా దగ్గరికి వచ్చింది.

"ఏమే, మతి పోయిందా నీకు?" అంది పిచ్చమ్మ. "కక్కిచ్చబట్టే గదా నా బిడ్డ బతికింది. లేకపోతే నా బిడ్డకి ఏందంట రోగం?"

"పాలు అత్తయ్యా. ఆయనకి పాలు పడవు. మీరు మండలం పాటు పోశారే, ఆ పాలే ఆయన గొంతు మూసినై. హాస్టల్లో ఉన్నప్పటి నించీ ముద్ద దిగదని ఆయనే డాక్టరుతో చెప్పాడు. మొక్కూ లేదు, ఏం లేదు. అడగండి."

పిచ్చమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఏందిరా ఇది? నిజమేనా?"

పవన్ చుట్టూ చూశాడు. అందరి కళ్ళూ అతని మీదే ఉన్నాయి. తప్పించుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

"డాక్టరు అట్టనే అన్నాడమ్మా. నేనేం చేసేది? నువ్వేగా బలవంతాన పోసింది. వద్దన్నా వినవు."

వద్దన్నది ఎప్పుడు? ఒక్కనాడూ అనలేదు. నిఖిత ఎదురుగా కూర్చుని, ప్రతి గ్లాసూ ఖాళీ చేశాడు. నిన్నటిదాకా పెళ్ళాం మోసిన నిందను ఇవాళ తల్లి నెత్తికి ఎత్తాడు, అదే మెత్తటి గొంతుతో. మోయడానికి ఎవరో ఒక ఆడమనిషి దొరికితే ఆ మనిషికి చాలు.

పిచ్చమ్మ ఉన్నచోటనే మట్టిలో కూలబడింది. "నా చేత్తో నేనే పోశానా," అంది, తనలో తనే. ఈసారి కూడా వెంట వచ్చిన రాజమ్మ ఆమె పక్కనే ఉంది. ఉండి, ఒక అడుగు అవతలికి జరిగింది. అమరేశ్వరరావు గొంతు సవరించుకుని, "తర్వాత ఎవురు, రండి," అన్నాడు.

గెలిచినట్టు ఉంటుందనుకుంది నిఖిత. లేదు. ఈ ఆడమనిషి తనను వరండాలోకి తోసింది, అమ్మమ్మను మంత్రగత్తె అంది. ఆమె మీద జాలి పడాలని లేదు. కానీ రాజమ్మ జరిగిన ఆ ఒక్క అడుగు ఎంత దూరమో నిఖితకు తెలుసు. దగ్గరికి వెళ్లి, షెడ్డు మొత్తానికి వినబడేట్టు అంది:

"మీరు తెలిసి పెట్టలేదు, అత్తయ్యా."

ఏడాదికి పైగా తను వినాలని ఎదురుచూసిన మాట తన నోటి నుంచే, ఇంకొకరి కోసం వచ్చింది. పిచ్చమ్మ తలెత్తలేదు. కోడలి చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. గుంజ దగ్గరి పిల్ల తన మొగుడి పక్కకు వెళ్లి, "లెగువయ్యా, పోదాం," అంటోంది.

పవన్ కారు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరూ తనను దాటి రోడ్డు వైపు పోతుంటే ముందుకు వచ్చాడు.

"ఎక్కడికి? కారుందిగా."

"మేం బస్సుకొస్తాం," అంది నిఖిత.

"కోపమా నా మీద?"

నిఖిత అతని ముఖంలోకి చూసింది. చూడటం కష్టంగానే ఉంది.

"కోపం గాదు. కోపమైతే పోద్ది," అంది.

అత్తగారి చీరకు అంటిన మట్టి దులిపి, ఆమెను నడిపించుకుంటూ బస్సు ఆగే చోటికి వెళ్లింది.